నోరులేని కొట్టుకి నోరొచ్చింది

2011లో ఇంగ్లండులో ఆర్గోస్ అనే కొట్టు సొంతంగా ఒక టీవీ చానల్ పెట్టింది. సినిమాల్లేవు, వార్తల్లేవు. గంటల తరబడి ఆ కొట్లో సరుకు చూపించడం, దాని గురించి ఎడతెగకుండా మాట్లాడటం, అంతే. ఇందులో వింతేముంది, మన దగ్గర కూడా అర్ధరాత్రి దాటాక చానల్ తిప్పితే పొట్ట కరిగించే బెల్టులూ దిష్టి కవచాలూ అమ్మడంలేదూ అంటారేమో. ఆ కొట్టు సంగతి తెలిసినవాళ్ళకి మాత్రం అది వింతే. అప్పటికి దాదాపు నలభై ఏళ్ళుగా ఆ కొట్టు వ్యాపారమంతా అమ్మేవాడు నోరు మెదపకపోవడం మీదే నడిచింది మరి.

ఆర్గోస్‌లోకి ఆ రోజుల్లో అడుగుపెడితే సరుకేమీ కనబడేది కాదు. మంచం కావాలని వెళ్తే మంచం ఉండేది కాదు, మిక్సీ కోసం వెళ్తే మిక్సీ ఉండేది కాదు. బల్లల వరస, వాటి మీద రేకులాంటి ప్లాస్టిక్ పొర వేసిన పేజీలతో లావుపాటి కేటలాగులు. పక్కన చిన్న చిన్న చీటీలు, వేలెడంత నీలం పెన్నులు. పేజీలు తిప్పి, కావలసిన వస్తువు బొమ్మ వెతుక్కుని, దాని కింద ఉన్న ఏడంకెల నంబరు చీటీ మీద రాసుకునేవాళ్ళం. సరుకు ఉందో లేదో చెప్పే మీటల యంత్రం ఒకటి అక్కడే ఉండేది, ఆ నంబరు నొక్కి చూసుకునేవాళ్ళం. తర్వాత కౌంటర్లో చీటీ చూపించి డబ్బు కట్టేవాళ్ళం. అక్కడ మరో నంబరు ఇచ్చేవారు. దాన్ని పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే, గోడ అవతల ఎక్కడో గోడౌన్లోంచి మన పెట్టె బయల్దేరి వచ్చేది. తెర మీద మన నంబరు పడేది. పెట్టె తీసుకుని వెళ్ళిపోవడమే. ఈ మొత్తం వ్యవహారంలో మనిషితో మాట్లాడాల్సి వచ్చేది ఒకటి రెండు ముక్కలు. అవి కూడా 'థాంక్యూ', 'సారీ'లాంటివి.

ఆ నీలం పెన్నుల్ని జేబులో వేసుకుపోనివాళ్ళు ఆ రోజుల్లో ఆ దేశంలో తక్కువ. మేం అక్కడున్నప్పుడు మా ఇంట్లో వంటగది సొరుగులో ఎప్పుడూ రెండో మూడో ఉండేవి. ఎవరు తెచ్చారంటే ఎవరూ ఒప్పుకోరు.

ఈ కొట్టు పెట్టినాయన రిచర్డ్ టాంప్కిన్స్. అంతకుముందు ఆయనది స్టాంపుల వ్యాపారం. గ్రీన్ షీల్డ్ స్టాంపులని 1958లో మొదలుపెట్టాడు. కిరాణా కొట్లోనో పెట్రోలు బంకులోనో డబ్బు ఖర్చుపెట్టినప్పుడు కొన్ని ఆకుపచ్చ స్టాంపులు ఇచ్చేవారు. ఇల్లాళ్ళు వాటిని నాలిక మీద తడిచేసి పుస్తకాల్లో అంటించేవాళ్ళు. పుస్తకాలు నిండాక టాంప్కిన్స్ కేంద్రానికి వెళ్ళి, కేటలాగు చూసుకుని, ఇన్ని పుస్తకాలకి ఒక కెటిలో, దుప్పటో తెచ్చుకునేవాళ్ళు. కేటలాగూ గోడౌనూ మనుషులూ ఎలాగూ ఉన్నారు కదా, స్టాంపుల బదులు డబ్బే తీసుకుంటే పోలేదా అని ఆయనకి తోచింది. గ్రీసులో ఆర్గోస్ అనే ఊళ్ళో ఉండగా తోచిందంటారు, అందుకే ఆ పేరు. 1973లో కాంటర్బరీలో మొదటి కొట్టు తెరిచాడు. అలా చూస్తే ఆర్గోస్ బజారు కొట్టుకి వారసుడు కాదు, బహుమతులు పంచే కౌంటరుకి వారసుడు. బహుమతి తీసుకోవడానికి వచ్చినవాళ్ళని ఎవరూ బతిమాలరు. పుస్తకం ఇస్తే వస్తువు ఇస్తారు. ఆ మౌనం అక్కణ్ణుంచే వచ్చిందనుకుంటాను.

ఇంగ్లీషువాళ్ళకి ఆ మౌనం ఎందుకు నచ్చిందో నాకు సగమే తెలుసు. మాలాంటివాళ్ళకి ఎందుకు నచ్చిందో మాత్రం బాగా తెలుసు. కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాడెవరైనా సరే, గది అద్దెకి దొరికిన వారంలోపే ఆర్గోస్‌లో తేలేవాడు. పరుపు, కెటిల్, ఇస్త్రీ పెట్టె, అన్నం వండుకునే కుక్కర్. పుస్తకాల్లో చదువుకున్న ఇంగ్లీషుకీ కౌంటర్ వెనకాల అమ్మాయి మాట్లాడే ఇంగ్లీషుకీ పొంతన కుదరని రోజులు అవి. రెండోసారి 'పార్డన్' అంటే పరువు పోయినట్టుండేది. అలాంటివాడికి ఒక దేశం మొత్తం సరుకుని బొమ్మలతో సహా పుస్తకంలో పెట్టి, 'నాయనా, నోరు తెరవక్కర్లేదు, అంకె రాస్తే చాలు' అన్న కొట్టు ఎంత ఊరట!

ఇంగ్లీషు సంగతి అలా ఉంచండి. మాట్లాడకుండా కొనుక్కోవడంలో ఇంకో సుఖముంది, అది తెలుగులో కొన్నవాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది. విజయవాడ వన్‌టౌన్లో చీరల కొట్టుకి వెళ్ళండి. చెప్పులు విడిచి తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోగానే చల్లటి డ్రింకు వస్తుంది. అది తాగామంటే సగం కొన్నట్టే. 'తీసుకోకపోయినా పర్లేదమ్మా, చూడండి' అంటూ ఆయన ఒక్కో చీరా మడత విప్పి, గాల్లోకి విసిరి, పమిట చెంగు మన ఒళ్ళో పడేట్టు పరుస్తాడు. పదో చీర దాటాక ఆ గుట్టని చూస్తే మనకే భయమేస్తుంది. ఇన్ని విప్పించి వట్టి చేతులతో ఎలా లేస్తాం? నాకు తెలిసిన ఆడవాళ్ళ బీరువాల్లో ఆ మొహమాటానికి కొన్న చీర ఒకటైనా ఉంటుంది, కట్టరు, ఎవరికీ పెట్టరు. ఆర్గోస్‌లో పేజీలు ఎన్ని తిప్పినా కేటలాగు మొహం మాడ్చుకునేది కాదు. అరగంట చూసి లేచిపోతే 'ఏమ్మా, ఏదీ నచ్చలేదా' అనేవాడు ఉండేవాడు కాదు.

అందులోనూ కేటలాగు ఇంటికి తెచ్చుకునేవాళ్ళం, ఊరికే ఇచ్చేవారు. ఏడాదికి రెండుసార్లు కొత్తది వచ్చేది. వెయ్యి పేజీలు దాటిన ఆ పుస్తకాన్ని అక్కడి పిల్లలు క్రిస్మస్‌కి ముందు నేల మీద బోర్లా పడుకుని చదివేవాళ్ళు, కావలసిన బొమ్మల చుట్టూ స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టేవాళ్ళు. పెద్దవాళ్ళు చేసేదీ అదే, సున్నాలు మాత్రం పైకి కనబడేవి కావు. ఇండియా వెళ్ళేటప్పుడు పెట్టెలో బరువు మిగిలితే ఒక కేటలాగు పట్టుకెళ్ళినవాళ్ళని ఎరుగుదును. అక్కడ చుట్టాల పిల్లలు దాన్ని అట్టలు ఊడేదాకా తిరగేశారట. కొనడానికి వీల్లేని వస్తువుల పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదవడం చూస్తే, అందులో అమ్మకం ఒక భాగమే అనిపిస్తుంది.

ఇలాంటి కొట్టు టీవీలోకి వెళ్ళింది. టీవీలో అమ్మకం పుట్టిందే నోటి చలవతో. 1977లో అమెరికాలో, ఫ్లోరిడాలో, ఒక చిన్న రేడియో స్టేషనుకి ప్రకటనదారు ఒకడు డబ్బు కట్టలేక, బదులుగా 112 డబ్బామూతలు తెరిచే సాధనాలు ఇచ్చాడు. ఆకుపచ్చ రంగువి. స్టేషను యజమాని బడ్ పాక్సన్ వాటిని రేడియోలో మాట్లాడే బాబ్ సర్కోస్టా చేతిలో పెట్టి అమ్మమన్నాడు. ఒక్కోటి 9.95 డాలర్లు. అన్నీ అమ్ముడుపోయాయి. గమనించండి, అది రేడియో. వస్తువు బొమ్మ కూడా లేదు, వట్టి గొంతు. ఆ గొంతే పెరిగి పెద్దదై 1985 నాటికి దేశమంతా కనబడే హోమ్ షాపింగ్ నెట్‌వర్క్ అయింది. మరుసటి ఏడాది జోసెఫ్ సీగెల్ పెన్సిల్వేనియాలో క్యూవీసీ పెట్టాడు. అది 1993లో ఇంగ్లండుకీ వచ్చింది.

ఆ క్యూవీసీలో ఉద్యోగానికి పరీక్ష ఎలా ఉండేదో మైక్ రో చెప్పిన కథ ప్రసిద్ధం. 'డర్టీ జాబ్స్' కార్యక్రమంతో తర్వాత పేరు తెచ్చుకున్నవాడే. 1990లో పరీక్షకి వెళ్తే చేతిలో ఒక మామూలు పెన్సిల్ పెట్టి, ఎనిమిది నిమిషాలు దీని గురించి మాట్లాడమన్నారట. మాట్లాడాడు, ఉద్యోగం వచ్చింది. ఎనిమిది నిమిషాలు! ఆర్గోస్ వేలెడు పెన్ను చేతికిచ్చి ఇక నీ ఇష్టం అని వదిలేస్తే, వీళ్ళు పెన్సిల్ చేతికిచ్చి మాట్లాడటం ఆపొద్దన్నారు.

ఆ మాటల ప్రభావం ఏమిటో నాకు మా అత్తయ్య వల్ల తెలిసింది. తెనాలి నుంచి ఆర్నెల్ల వీసా మీద రెడింగ్‌లో మా ఇంటికి వచ్చారు. చలికాలం, సాయంత్రం నాలుగింటికే చీకటి. మేమిద్దరం ఆఫీసులకి పోతే ఆవిడకి టీవీ తప్ప దిక్కులేదు. ఇంగ్లీషు రాదు కాబట్టి సీరియళ్ళు అర్థంకావు, వార్తలు అర్థంకావు. షాపింగ్ చానళ్ళు మాత్రం మొత్తం అర్థమయ్యేవి. ఉంగరాన్ని తెరంతా నిండేట్టు చూపించి, వేలు అటూ ఇటూ తిప్పి, పక్కన అంకె వేస్తారు. దానికి భాషెందుకు?

ధర దిగుతూ పోయే చానల్ ఒకటుండేది అప్పట్లో. ఎక్కువ ధరతో మొదలుపెట్టి, ఉన్న సరుకంతా అమ్ముడయ్యేదాకా తగ్గించుకుంటూ వచ్చేవారు. అది ఆవిడకి నచ్చలేదు.

"ఇదేం వేలంపాటే అమ్మాయ్? పైనుంచి కిందికి పాడుతున్నాడు?"

"కొనేవాళ్ళు కుదిరేదాకా దింపుతాడండీ."

"మరి తొందరపడి ముందే కొన్నవాడి గతేంటి?"

"అందరికీ చివరి ధరేనండి అత్తయ్యా. ముందు కొన్నా అదే, వెనక కొన్నా అదే."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మొదటి ధర అబద్ధమన్నమాట" అని తేల్చేశారు. ఆ వ్యాపారాన్ని గురించి అంతకంటే పొట్టిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నగల దగ్గర ఇంకా గొడవ. ఆ దేశంలో తొమ్మిది కేరట్లది కూడా చట్టప్రకారం బంగారమే, 375 అని ముద్ర వేసి మరీ అమ్ముతారు. నేనా సంగతి చెప్పగానే ఆవిడ తెరకేసి తిరిగి, "తొమ్మిదా? మిగతా పదిహేనూ ఎవరు తిన్నార్రా?" అని అడిగారు. చూపిస్తున్న అబ్బాయి నవ్వుతూనే ఉన్నాడు. "ఆ పిల్ల చేతులు చూడవే, ఎంత నున్నగా ఉన్నాయో. ఆ వేళ్ళకి పెడితే ఇనప ఉంగరమైనా ఇలాగే ఉంటుంది" అనేవారు ఇంకోసారి.

ఇన్ని వంకలు పెడుతూ కూడా పొద్దున్న తొమ్మిదయ్యేసరికి అదే చానల్ పెట్టుకునేవారు. పదిహేను రోజులు గడిచాక ఒక సాయంత్రం నేను ఇంటికి రాగానే ఆవిడ మొదటి మాట, "ఆ బట్టతల అబ్బాయి ఇవాళ రాలేదే. ఒంట్లో బాగాలేదేమో." అప్పుడు నాకు ఆ వ్యాపారం అర్థమైంది. వాళ్ళు వస్తువు గురించి అంతసేపు మాట్లాడతారంటే, వస్తువు గురించి చెప్పాల్సింది అంత ఉండి కాదు. ఇంట్లో ఒక్కరే ఉన్నవాళ్ళు, పగలంతా ఎవరి గొంతూ వినబడనివాళ్ళు ఎంతమందో. వాళ్ళతో ఒకడు తీరుబడిగా కబుర్లు చెబుతాడు, మధ్యలో ఫోను చేసిన ముసలావిడని పేరుపెట్టి పలకరిస్తాడు. ఆ కాలక్షేపానికి నెలకో సాసర్ల సెట్టు కొన్నా గిట్టుబాటే అనుకుంటారు కొందరు. తప్పుపట్టలేం.

ఆర్గోస్ టీవీ చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఒంటరిగా వదిలెయ్యండి బాబూ అనుకునేవాళ్ళ కొట్టు అది, ఎవరైనా పలకరిస్తే బాగుండనుకునేవాళ్ళ వీధిలో దుకాణం తెరిచింది. పైగా టీవీ అమ్మకందారు ఆయుధాలు రెండు. ఒకటి గడియారం, ఇంకా నాలుగు నిమిషాలే. రెండోది మిగిలిన సరుకు లెక్క, ఇంకా పదిహేడే ఉన్నాయి. ఈ రెండూ చూసేవాడి గుండెదడ పెంచాలి. ఆర్నెల్లపాటు ఇంటింటా బల్ల మీద పడుండే పుస్తకంలో ధరతో సహా అచ్చయిన కుర్చీని చూపించి 'ఇవాళ తప్పితే దొరకదు' అంటే ఎవరు నమ్ముతారు? లేచి వెళ్ళి పేజీ తిరగేస్తే అక్కడే ఉంటుంది. ఊళ్ళో హై స్ట్రీట్ మీద ఆ కొట్టూ ఉంటుంది, రేపు వెళ్ళి చీటీ రాసుకోవచ్చు. నిదానం నేర్పిన కొట్టు తొందరపెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండేళ్ళకల్లా, 2013లో, ఆ చానల్ మూతపడింది. కారణాలు కంపెనీవాళ్ళకి వేరే ఉండొచ్చు, లెక్కల పుస్తకాల్లో మౌనానికి పద్దు ఉండదుగా.

ఆ మాటకొస్తే టీవీలో నోరెత్తకుండా కొనడమనేది ఇంగ్లండుకి కొత్త కాదు. 1984 మే నెలలో గేట్స్‌హెడ్ ఊళ్ళో 72 ఏళ్ళ పెద్దావిడ ఒకరు తన ఇంట్లో కుర్చీలో కూర్చుని, టీవీ తెర మీద అక్షరాల్లో కనబడే జాబితాలోంచి రిమోట్‌తో మార్గరిన్, కార్న్‌ఫ్లేక్స్, గుడ్లు ఎంచుకున్నారు. టీవీకి టెలిఫోను తీగ తగిలించి కంప్యూటరుతో కలిపే ఆ ఏర్పాటు మైకేల్ ఆల్‌డ్రిచ్ అనే ఆయన తయారుచేసింది. నడవలేని వృద్ధుల కోసం ఆ ఊరి కౌన్సిల్ పూనుకుంది. టెస్కో అనే సూపర్‌మార్కెట్ సరుకు ఇంటికి తెచ్చి ఇచ్చింది. తెర మీద మనిషి లేడు, నవ్వు లేదు, గడియారం లేదు. ఈవేళ ఫోన్లో మనం చేస్తున్నదంతా దాని మనవలూ మునిమనవలే. ఆర్గోస్ అసలు చుట్టరికం ఈ గేట్స్‌హెడ్ పెద్దావిడతో. టీవీ చానల్ పెట్టకముందే వెబ్‌సైట్లో వస్తువు అట్టేపెట్టించుకుని కొట్లో తీసుకునే పద్ధతిని చక్కగా నడుపుతూ కూడా, కొన్నాళ్ళు ఎందుకో మైకు పట్టుకుంది.

ఆ కొట్టు మన దేశానికీ వచ్చిందని చాలామందికి తెలియదు. 2007లో హైపర్‌సిటీ, షాపర్స్ స్టాప్‌లతో కలిసి ముంబైలో హైపర్‌సిటీ ఆర్గోస్ అని తెరిచారు. కేటలాగు చూసి కొనడమే. 2009కల్లా మూసేశారు. గిన్నె కొనేముందు వేలితో టకటకమని కొట్టి చూస్తాం, బట్టని నలిపి చూస్తాం, పుచ్చకాయని చెవి దగ్గర పెట్టుకుంటాం. బొమ్మ చూసి డబ్బు కట్టి కూర్చోమంటే మనవాళ్ళకి వి.పి.పి. రోజులు గుర్తొచ్చి ఉంటాయి. వారపత్రికలో ప్రకటన చూసి, పోస్ట్‌మాన్‌కి డబ్బు కట్టి, ఊపిరి బిగబట్టి పార్సెల్ విప్పిన రోజులు. తర్వాత పదేళ్ళకే అదే జనం ఫోన్లో బొమ్మ చూసి సోఫాలు కొంటారని 2009లో ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్న ఒక్క మాట, సరుకు వచ్చాకే డబ్బన్న వెసులుబాటు, ఈ రెండూ తీర్చేశాయి ఆ బెంగ.

ఆర్గోస్‌ని 2016లో సెయిన్స్‌బరీస్ కొనేసింది. చాలా కొట్లు ఇప్పుడు ఆ సూపర్‌మార్కెట్లలోనే ఒక మూల సర్దుకున్నాయి. 2020లో కేటలాగు అచ్చువేయడం మానేశారు. అప్పటికి వంద కోట్లకు పైగా ప్రతులు వేశారని లెక్క చెప్పారు. కేటలాగులున్న చోట ఇప్పుడు తెరలున్నాయి. వేలితో నొక్కడమే కాబట్టి పెన్నుల అవసరం తీరిపోయింది.

నోటితో అమ్మే విద్య మాత్రం చావలేదు, టీవీలోంచి దిగి ఫోన్లో దూరింది. చైనాలో తావ్‌బావ్ అనే ఆన్‌లైన్ బజారు 2016లోనే ప్రత్యక్ష ప్రసారంలో అమ్మకాలు మొదలుపెట్టింది. మన హైదరాబాదు, విజయవాడ ఆడపిల్లలు ఎవరూ నేర్పకుండానే దాన్ని వంటపట్టించుకున్నారు. ఫోను స్టాండుకి తగిలించి, వెనకాల రాక్ నిండా చీరలు, రింగు దీపం వెలుగులో పమిట పరిచి, "సింగిల్ పీస్ అక్కా, కావాల్సినవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చెయ్యండి, బుకింగ్ అయిపోతే మళ్ళీ నన్ననకండి" అంటూ మూడేసి గంటలు గుక్కతిప్పుకోరు. ఆ పెన్సిల్ పరీక్ష వీళ్ళకి పెడితే ఎనిమిది నిమిషాలు చాలవంటారు. వన్‌టౌన్ పరుపు మీది మర్యాదే ఇది, డ్రింకు ఒక్కటే తక్కువ. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు వంట చేస్తూ ఇవి వింటుంది, చూడదు. నేనైతే శబ్దం తీసేసి చూస్తాను, బొమ్మా ధరా కనబడితే చాలు నాకు. పక్కా ఆర్గోస్ మనిషినైపోయాను.

అత్తయ్య ఇప్పుడు తెనాలిలో మధ్యాహ్నం భోజనమయ్యాక అలాంటి లైవ్ ఒకటి పెట్టుకుని కూర్చుంటారు. మొన్న వీడియో కాల్లో మా మరిది కూతురు చెప్పింది, నానమ్మ కింద కామెంట్ రాయడం కూడా నేర్చుకుందని. లైవ్‌లో అమ్మే అమ్మాయి "తెనాలి అమ్మగారు వచ్చారు, నమస్తే అమ్మా, భోంచేశారా" అంటే, ఈవిడ ఇక్కడ ఫోనుకి జవాబు చెబుతారట, "ఆఁ, ఇప్పుడే తిన్నానమ్మా" అని.

"మరి చీర ఏమన్నా కొన్నారా అత్తయ్యా?" అని అడిగాను.

"కొనేదాకా పలకరిస్తుందే. కొన్నాక పలకరిస్తుందో లేదో చూడాలి, ఆగు."